కుక్క కూడా నాలుక ఆడించదట

మా అమ్మ దగ్గర ప్రతి సమస్యకీ ఒక బైబిలు వచనం ఉంటుంది. జ్వరానికి ఒకటి, ఇంటర్వ్యూకి ఒకటి, చేతిలో డబ్బుల్లేనప్పుడు ఒకటి. వీధి కుక్కలకి కూడా ఉంటుందని మాత్రం నేను బెంగళూరు వచ్చేదాకా తెలీదు.

సంగతేంటంటే నాది సెకండ్ షిఫ్ట్, క్యాబ్ రాత్రి ఒంటిగంటన్నరకి దింపుతుంది, మేముండేది మారతహళ్లి దగ్గర మున్నేకొలాలలో, మా సందు పైప్‌లైన్ కోసం తవ్వి రెండు నెలలైంది, కాబట్టి డ్రైవర్ మెయిన్ రోడ్డు మీదే ఆపేసి "ఇల్లే ఇళ్కొళ్ళి సార్", ఇక్కడే దిగండి అంటాడు. అక్కణ్ణుంచి ఇంటికి మూడొందల మీటర్లు కూడా ఉండదు గానీ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అయిదు కుక్కలుంటాయి. పగలు అవే కుక్కలు టీ కొట్టు ముందు పడుకుని తోక కూడా ఊపవు. రాత్రి మాత్రం ఆ సందు వాటిది.

నేను ఇల్లు చేరి మెసేజ్ పెట్టేదాకా అమ్మ పడుకోదు. ఒకరోజు ఫోన్లోనే మొరుగుడు వినిపించి, భయపడకు నాన్నా, నిర్గమకాండం పదకొండు ఏడు చెప్పుకుంటూ నడువు, అంది. తర్వాత చూశాను. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఆఖరి తెగులు ముందు మోషే చెప్పే మాట అది, దేశమంతా ఏడుపు వినపడుతుంది కానీ ఇశ్రాయేలీయుల మీద ఒక కుక్క కూడా నాలుక ఆడించదు అని. చిన్నప్పట్నుంచి ఆ అధ్యాయం ఎన్నిసార్లు విన్నానో, కుక్క ఉందని ఎప్పుడూ గమనించలేదు. సరే, మర్నాడు రాత్రి గట్టిగా చెప్పాను. ఇంకా ఎక్కువ మొరిగాయి. "వాటికి తెలుగు రాదేమో, కన్నడ బైబిల్లో చూసి చెప్పు" అన్నాడు మా రూమ్మేట్.

వాడికి ఇలాంటివి దొరికితే వదలడు. డిసెంబర్ 31 వాచ్ నైట్ సర్వీసులో నాకొచ్చిన వాగ్దానం కార్డు మీద కూడా ఇలాగే ఆడుకున్నాడు. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, మన తెలుగు చర్చిల్లో కొత్త సంవత్సరం అర్ధరాత్రి ఒక ట్రేలో కార్డులు పెడతారు, ఒక్కొక్కళ్లం ఒకటి తీసుకుంటాం, దానిమీద ఉన్న వచనం ఆ ఏడాదికి మనకి దేవుడిచ్చిన వాగ్దానం అని. నాకొచ్చింది నిర్గమకాండం 23:27, "నన్ను బట్టి మనుష్యులు నీకు భయపడునట్లు చేసెదను". గులాబీ పూల బొమ్మ మీద ప్రింట్ చేశారు! పొద్దున స్టాండప్ కాల్‌లో మేనేజర్ పేరు పిలిస్తే మ్యూట్ తియ్యడానికి చేతులు వణికే నాకు ఈ వచనం. వాడు నవ్వడంలో తప్పేం లేదు.

మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయనది మదనపల్లె వైపు. బట్టలివ్వడానికి వెళ్లినప్పుడు కుక్కల గోల చెప్పుకుంటే ఆయన అన్న మాట ఇది: "అవి మీకంటే ఎక్కువ బెదురుకుంటాండాయి సార్. మీరా నల్ల బ్యాగు భుజాన ఏసుకుని బిరబిరా వస్తారు, ఎవుడో బ్యాగులోనించి రాయి తీసి కొట్టినాడు, అప్పట్నించి బ్యాగున్నోళ్లంటే వాటికి గుండె దడ." అదీ సంగతి. రెండు నెలలుగా నేను వాటికి భయపడుతూ వేగంగా నడుస్తుంటే, నా నడక చూసి అవి ఇంకా భయపడుతున్నాయి.

ఇది విన్నాక నాకు ముందు గుర్తొచ్చింది మిడతల వచనం. సంఖ్యాకాండం 13. మోషే, దేవుడిస్తానన్న కనాను దేశానికి పన్నెండుమందిని వేగు చూడ్డానికి పంపిస్తాడు, నలభై రోజులు తిరిగి ద్రాక్షగెల కర్రకి కట్టి మోసుకొస్తారు, అంతా బాగుంది కానీ అక్కడి మనుషులు మహా ఎత్తరులు అని పదిమంది వణికిపోతారు. "మా దృష్టికి మేము మిడతలవలె ఉంటిమి, వారి దృష్టికిని అట్లే ఉంటిమి." మొదటి సగం సరే, అది వాళ్ల ఫీలింగ్. రెండో సగం వీళ్లకెలా తెలుసు? ఎవర్ని అడిగారు? యూదుల మిద్రాష్‌లో, అంటే వాళ్ల పాత బైబిలు వ్యాఖ్యానాల్లో, సరిగ్గా ఇదే ప్రశ్న దేవుడి నోట పెట్టారు: మీ కళ్లకి మీరు మిడతలనుకుంటే పోనీలే అంటాను, కానీ వాళ్ల కళ్లకి నేను మిమ్మల్ని ఎలా చూపించానో మీకేం తెలుసు, దేవదూతల్లా చూపించానేమో అని. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు అలా కూర్చుండిపోయాను.

ఎందుకంటే జవాబు యెహోషువ 2లో ఉంది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, ఆ భయపడిన తరం మొత్తం ఎడారిలో రాలిపోయాక, ఇద్దరు వేగులవాళ్లు కనానులోని యెరికోలో రాహాబు అనే ఆవిడ ఇంటి మిద్దె మీద జనుప కట్టెలో దాక్కుంటే ఆవిడ పైకొచ్చి అసలు రిపోర్టు ఇస్తుంది. మీరంటే మాకు భయం పట్టుకుంది, "మా గుండెలు కరిగిపోయెను" అంటుంది. ఆవిడ చెప్పిన లిస్టులో సీహోను, ఓగు అనే రాజులు ఓడిపోయిన సంగతులు కొత్తవే, కానీ మొట్టమొదట చెప్పేది ఎర్రసముద్రం ఆరిపోయిన సంగతి. అది నలభై ఏళ్ల పాత వార్త! సముద్రం దాటిన రోజున మోషే పాడిన పాటలో కూడా ఇదే ఉంది, ఫిలిష్తియ, ఎదోము, మోయాబు, కనాను అని వరసగా పేర్లు చెప్పి వీళ్లందరూ వణుకుతారు, కరిగిపోతారు అని. పాట పాడినవాళ్లే రెండో ఏడాదికల్లా మిడతలమైపోయాం అన్నారు. అంటే గోడకి అటువైపు వాళ్లు ఈ కథ చెప్పుకుని భయపడుతున్నారు, ఇటువైపు వీళ్లు ఆ గోడ చూసి భయపడుతున్నారు, మధ్యలో ఒక తరం పోయింది.

ఇది ఒక్కసారి కనపడ్డాక ఇక అంతటా ఇదే కనపడటం మొదలైంది, నన్నేం చేయమంటారు. అబ్రాహాము సంగతి చూడండి, ఆదికాండం 20, గెరారు వెళ్లి భార్య శారాని చెల్లెలని చెప్తాడు. ఎందుకయ్యా అని అక్కడి రాజు అబీమెలెకు అడిగితే, "ఈ స్థలమందు దేవుని భయము ఏమాత్రమును లేదు" కాబట్టి నన్ను చంపేస్తారనుకున్నా అంటాడు. కానీ ఆ అధ్యాయంలో జరిగిందేంటి? దేవుడు కలలో కనపడగానే అబీమెలెకు తెల్లారుజామునే లేచి పనివాళ్లందర్నీ పిలిచి చెప్తే వాళ్లు హడలిపోయారు. దేవుడంటే భయం ఉన్నది వాళ్లకి. లేనిదల్లా, లేదా అప్పటికి పనిచెయ్యనిదల్లా, అబ్రాహాముకే. అయినా కాపాడింది ఎవర్ని? అబద్ధం చెప్పినాయన్నే.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి, కొంచెం పక్కదారే. "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అని 105వ కీర్తనలో ఉంది, మన దగ్గర ఇది ఎప్పుడు వినపడుతుందో మీకు తెలుసు, కానుకల లెక్క ఎవరైనా పాస్టరుని అడిగినప్పుడు. ఆ కీర్తన చదివితే అది ఎవరి గురించో స్పష్టంగా ఉంది, లెక్కకి కొద్దిమందిగా, సొంత నేల లేక దేశం నుంచి దేశానికి తిరిగే పరాయివాళ్ల గురించి. వాళ్ల కోసం రాజుల్ని గద్దించాడు అంటుంది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. మైకు, సౌండ్ సిస్టం, ఏసీ హాలు ఉన్నవాళ్ల గురించి కాదు. పీజీలో బెడ్ దొరక్క అట్ట పెట్టెలతో సిల్క్ బోర్డ్ నుంచి కుందలహళ్లి దాకా తిరిగేవాళ్లకి చెప్తే కాస్త అతుకుతుందేమో.

యాకోబు కథైతే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. షెకెములో ఆయన కూతురు దీనాకి అన్యాయం జరిగింది, నిజమే, కానీ ఆయన కొడుకులు షిమ్యోను, లేవి ఒప్పందం చేసుకున్నట్టు నమ్మించి, ఊళ్లో మగవాళ్లంతా సున్నతి నొప్పితో పడి ఉన్న మూడో రోజున కత్తులు పట్టుకుని వెళ్లి అందర్నీ చంపేశారు. యాకోబు గజగజలాడిపోయాడు, మనం పట్టుమని పదిమందిమి లేం, చుట్టుపక్కల వాళ్లంతా కలిసి మీద పడితే నేనూ నా ఇల్లూ నాశనం అన్నాడు. తర్వాత అధ్యాయంలో వాళ్లు బేతేలుకి బయల్దేరితే, దేవుని భయం చుట్టూ ఉన్న ఊళ్ల మీద పడింది కాబట్టి ఎవరూ తరమలేదు అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది బైబిలు. రక్తం చేతులు కడుక్కోకముందే రక్షణ! ఇది ఎవ్వరూ వాగ్దానం కార్డు మీద వెయ్యరు. నాకు కాస్త ఊరటనిచ్చేది రెండు సంగతులు. బయల్దేరేముందు ఇంట్లో ఉన్న అన్య దేవతల బొమ్మలు, చెవి పోగులు అన్నీ తీసుకుని యాకోబు షెకెము దగ్గర ఒక చెట్టు కింద పాతిపెట్టాడు. ఇంకోటి, ఆ ఇద్దరు కొడుకులు చేసింది ఆయన మర్చిపోలేదు, చావు మంచం మీద వాళ్ల కోపాన్ని శపించాడు. ఆ భయం వాళ్ల ప్రాణాన్ని కాపాడింది, అంతే. వాళ్లు చేసింది కరెక్ట్ అని ఎక్కడా అనలేదు.

హీబ్రూలో ఈ భయానికి బోలెడు మాటలున్నాయి, పఖద్, ఏమా, ఖిత్తా, యిర్‌ఆ. నా కార్డులో ఉన్నది ఏమా, "నా ఏమాని నీకు ముందుగా పంపిస్తా" అన్నట్టుంటుంది, ఏదో కుక్కని తోలినట్టు. తెలుగు బైబిల్లో శత్రువుకైతే ఉత్త భయం, నమ్మినవాడికైతే చాలాచోట్ల భయభక్తులు. అనువాదం చేసినవాళ్లు ఆ ఒక్క 'భక్తులు' తగిలించి ఎంత పని చేశారో.

అసలు ఈ లోకంలో ఈ భాష ఒక్క ఇశ్రాయేలుది కాదు కూడా. అష్షూరు రాజులు తమ గురించి తామే ఇలా రాయించుకున్నారు. సన్హెరీబు క్రీ.పూ. 701లో యూదా మీదకొచ్చిన సంగతి మట్టి పట్టకం మీద చెక్కించాడు, దాని ప్రతులు లండన్లోనూ షికాగోలోనూ మ్యూజియంలలో ఉన్నాయి, 46 బలమైన పట్టణాలు పట్టుకున్నా, యూదా రాజు హిజ్కియాని యెరూషలేములో పంజరంలో పక్షిలా మూసేశా, నా ప్రభుత్వపు భయంకరమైన తేజస్సు అతన్ని ముంచేసింది అని. అంతా చెప్పాడు గానీ యెరూషలేము పట్టుకున్నా అని మాత్రం చెప్పలేదు. బైబిలు వైపు కథ యెషయా 37లో ఉంది, ఒక్క రాత్రిలో అష్షూరు సైన్యంలో 1,85,000 మంది పోయారని. రెండువైపులా లెక్కలు వదిలేసినా, ఒకటి మాత్రం తెలుస్తుంది, అక్కడ ఆ తేజస్సు రాజుగారి సొంత సొత్తు, కిరీటంలాగా. ఇక్కడ ఎవ్వరి సొత్తూ కాదు. మోషేకి లేదు, యాకోబుకి అసలే లేదు. ఉన్నట్టు కూడా వాళ్లకి తెలీదు, ఎదుటివాడి నోట వింటేనే తెలిసేది.

మిద్యానీయులతో యుద్ధానికి వెళ్లిన గిద్యోనుకి అలాగే తెలిసింది. భయంగా ఉంటే పురా అనే పనివాణ్ణి తీసుకుని శత్రువు శిబిరం దగ్గరికెళ్లి చాటుగా విను అంటాడు దేవుడు. వెళ్తే అక్కడ ఒక మిద్యానీయుడు పక్కవాడికి కల చెప్తున్నాడు, యవల రొట్టె ఒకటి దొర్లుకుంటూ వచ్చి మన డేరాని తలకిందులు చేసింది అని. పక్కవాడు, అది గిద్యోను కత్తే అంటాడు. రొట్టె! యవలరొట్టె అంటే పేదవాడి తిండి, మన జొన్నరొట్టె అనుకోండి. నాకు మదనపల్లె ఇస్త్రీ ఆయన చెప్పినట్టే, గిద్యోనుకి ఆ సిపాయి చెప్పాడు.

ఎలీషా ప్రవక్త కథ కూడా చెప్పి తీరాలి. దోతానులో తెల్లారి లేచి చూస్తే చుట్టూ సిరియా గుర్రాలు, రథాలు. పనివాడు హడలిపోతే ఎలీషా వాడి కళ్లు తెరిపించమని ప్రార్థిస్తాడు, కొండంతా అగ్ని రథాలు కనపడతాయి. ప్రసంగాలన్నీ అక్కడ ఆగిపోతాయి, పాట అందుకుంటారు. కానీ తర్వాత జరిగింది నాకు ఎక్కువ ఇష్టం. ఆ సైన్యానికి చూపు మందగించేలా చేసి, దారి చూపిస్తానని నడిపించుకుంటూ పోయి సమరయ నడిబొడ్డున నిలబెడితే, కొట్టనా కొట్టనా అని ఇశ్రాయేలు రాజు రెండుసార్లు ఎగిరి గంతేస్తాడు. ఎలీషా వద్దంటాడు, రొట్టె పెట్టు, నీళ్లివ్వు, తిని వెళ్లిపోతారు అంటాడు. గొప్ప విందు చేసి పంపిస్తారు. ఆ దండులు మళ్లీ ఆ దేశంలోకి రాలేదని రాసి ఉంది. వెంటనే తర్వాత మాటే సిరియా రాజు మొత్తం సైన్యంతో వచ్చి సమరయని ముట్టడించాడని, ఆకలికి గాడిద తల కూడా ఎనభై షెకెళ్ల వెండికి అమ్మారని, అదెలా కుదురుతుందో పండితులు కొట్టుకుంటారు, అది వేరే గొడవ.

ఆ అధ్యాయం చదివిన మర్నాడు నేను బ్యాగు భుజం మీంచి తీసి చేత్తో కిందకి పట్టుకుని, పార్లేజీ ప్యాకెట్ ఒకటి చింపి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెట్టి నెమ్మదిగా నడిచాను. నాలుగు కుక్కలు బిస్కెట్ల మీద పడ్డాయి. అయిదోది, తెల్ల మచ్చల చెవిది, ఇప్పటికీ మొరుగుతుంది. దానికి తగిలింది రాయి అనుకుంటా.

సరే మళ్లీ నా కార్డుకి వస్తా. ఒకరోజు క్యాబ్‌లో ఔటర్ రింగ్ రోడ్డు మీద కదలకుండా గంట కూర్చున్నప్పుడు ఆ 23వ అధ్యాయం మొత్తం చదివాను. వాగ్దానం కార్డు కంటే ప్రమాదకరమైన పని. 27లో శత్రువులు నీకు భయపడి పారిపోతారు, బాగుంది, 28లో పెద్ద కందిరీగల్ని పంపిస్తా, ఇంకా బాగుంది, 29లో ఒక్క సంవత్సరంలోనే వెళ్లగొట్టను అంటాడు, ఎందుకంటే దేశం పాడై అడవి జంతువులు ఎక్కువైపోతాయి, కాబట్టి కొంచెం కొంచెంగా. అంటే ఒక్క ఏడాదికిచ్చిన కార్డు మీద వచనం, రెండు వచనాల కింద ఒక్క ఏడాదిలో అవ్వదు అని చెప్తుంది! వాళ్లు ప్రింట్ చేసేముందు కిందకి స్క్రోల్ చెయ్యలేదు. పైకి స్క్రోల్ చేస్తే 4, 5 వచనాల్లో, నీ శత్రువు ఎద్దో గాడిదో తప్పిపోయి కనపడితే తోలుకొచ్చి అప్పగించు, నీ మీద పగ ఉన్నవాడి గాడిద బరువు కింద పడిపోతే వదిలేసి పోకు, సాయం పట్టు అని ఉంది. 9లో పరదేశిని బాధపెట్టకు, నువ్వూ ఐగుప్తులో పరదేశివే, పరదేశి మనసెలా ఉంటుందో నీకు తెలుసు అని. ఒకే అధ్యాయం. శత్రువు పారిపోవాలని కోరుకునేవాడు వాడి గాడిద తాడు పట్టుకుని వాడింటికి నడవాలి. నాకు కన్నడ రాకపోయినా ఇంటి ఓనరమ్మ ప్రతి పండక్కీ హోళిగె, అదే మన బొబ్బట్లు, పంపించే ఊళ్లో బతుకుతున్నా, పరదేశి మనసు గురించి నాకు ఎవరూ క్లాస్ పీకక్కర్లేదు.

ఇవన్నీ మొన్న ఆదివారం అమ్మతో ఫోన్లో చెప్పాను. అన్నీ వింది. అప్పుడు అసలు ప్రశ్న అడిగాను, 1 సమూయేలు 4 సంగతేంటి అని. ఇశ్రాయేలువాళ్లు ఒకసారి ఫిలిష్తీయుల చేతిలో నాలుగు వేలమందిని పోగొట్టుకుని, షిలోహు నుంచి మందసం, అంటే దేవుడి సన్నిధికి గుర్తుగా ఉండే పెట్టె, తెప్పించి శిబిరంలో నేల అదిరేలా కేక వేస్తే, ఫిలిష్తీయులు నిజంగానే భయపడ్డారు, దేవుడు వాళ్ల దండులోకి వచ్చేశాడు, మన పని అయిపోయింది అన్నారు, ఐగుప్తు తెగుళ్లు కూడా గుర్తు చేసుకున్నారు. అన్నీ రాహాబు మాటలే. కానీ రాహాబు ఊరు కూలిపోయింది, వీళ్లేమో భయపడుతూనే ధైర్యం చెప్పుకుని వచ్చి ముప్పైవేలమందిని చంపి మందసాన్ని ఎత్తుకుపోయారు. యాజకుడు ఏలీ కొడుకులిద్దరూ పోయారు, వార్త విని ఏలీ పీట మీంచి పడి మెడ విరిగి పోయాడు. శత్రువు భయపడితే సరిపోదా మరి? పైగా లేవీయకాండం 26లో, మాట వినకపోతే అదే భయం మీకు వస్తుంది, ఎగిరే ఆకు చప్పుడు కూడా మిమ్మల్ని తరుముతుంది అన్నాడు కదా. రాత్రి సందులో నేను ఆకు చప్పుడుకే పరిగెత్తిన రోజులున్నాయి అమ్మా, అన్నాను.

చాలాసేపు ఏం మాట్లాడలేదు. కుక్కర్ విజిల్ వినపడింది, లేచి వెళ్లి స్టవ్ ఆపి వచ్చింది.

"వాళ్లు మందసాన్ని తాయెత్తు చేసుకున్నారు నాన్నా" అంది. "అడగలా. ప్రార్థన చెయ్యలా. ఏలీ కొడుకులు దేవుడి గుడారంలో చేసిన పన్లు సరిచెయ్యలా. పెట్టె పట్టుకొచ్చి ముందు పెట్టుకున్నారు, అంతే."

అయితే నువ్వు పంపిన 91వ కీర్తన ఫ్రేమ్ గుమ్మం మీద పెట్టడం కూడా తాయెత్తేగా, తీసెయ్యనా మరి అన్నాను, ఏడిపిద్దామని.

"తీసి చూడు" అంది. "నేనొచ్చి మళ్లీ మేకు కొడతా."